800 చైనీస్ అక్షరాలు వచ్చినా పేరా చదవలేకపోతున్నారంటే లోటు ఎక్కడుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీకు 36 ఏళ్లు. ఉద్యోగం చేస్తూనే తొమ్మిది నెలలుగా ఫోన్‌లో ఫ్లాష్‌కార్డులతో 800 చైనీస్ అక్షరాలు నేర్చుకున్నారు. కార్డు చూపిస్తే అర్థం టక్కున చెప్పగలరు. కానీ నాలుగు లైన్ల పేరా ముందు పెడితే ఏమీ తోచడం లేదు. వయసు దాటిపోయిందా, ఒక్కో అక్షరాన్ని వందసార్లు రాయాలా, చైనీస్ ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పిన్‌యిన్ వదిలేయాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. వయసు సమస్య కాదు. వందసార్లు రాయక్కర్లేదు. పిన్‌యిన్ వదలొద్దు, కానీ అక్షరాల నెత్తిన పెట్టుకుని చదవొద్దు. కొత్త అక్షరాలు నేర్చుకోవడం ఒక రెండు నెలలు పూర్తిగా ఆపేయండి. మీకు వచ్చిన అక్షరాలతోనే రాసిన చిన్న కథలు, సంభాషణలు, ఆడియోతో సహా దొరికేవి తీసుకుని రోజూ చదవండి. మీ దగ్గర లోటు అక్షరాలది కాదు, మాటలది.

నేను 31 ఏళ్లకు మొదలుపెట్టాను. ఇప్పుడు చైనీస్ టెక్నికల్ పత్రాలు అనువదించడం నా పని. పన్నెండేళ్లుగా సాయంత్రాలు పెద్దవాళ్లకు చదవడం నేర్పుతున్నాను. మీరు ఇప్పుడున్న చోట నేను దాదాపు ఏడాదిన్నర ఇరుక్కుపోయాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. యాంగ్‌ట్జీ నది మీద 1968లో తెరిచిన నాన్‌జింగ్ వంతెన ఉంది. దాని పేరు చైనీస్‌లో ఏడు అక్షరాలు: నాన్, జింగ్, షి, ఛాంగ్, జ్యాంగ్, దా, చ్యావ్. విడివిడిగా అర్థాలు చూస్తే దక్షిణం, రాజధాని, నగరం, పొడవు, నది, పెద్ద, వంతెన. ఏడింటిలో ఎక్కువ భాగం మీ 800లో ఉండే ఉంటాయి. చైనీస్‌లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలరు, అన్నీ వరసగా అతుక్కునే ఉంటాయి. మొదటి రెండూ కలిస్తే నాన్‌జింగ్ అనే ఊరు. మూడోది నగరం. నాలుగు, అయిదు కలిస్తే ఛాంగ్‌జ్యాంగ్, అంటే యాంగ్‌ట్జీ నదికి చైనావాళ్లు వాడే పేరు. చివరి రెండూ పెద్ద వంతెన. ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు మూడు, నాలుగు కలిపి చదివారనుకోండి. అది 'షిజాంగ్', అంటే మేయర్. 'పొడవు' అనుకున్న ఆ నాలుగో అక్షరానికే 'జాంగ్' అని ఇంకో ఉచ్చారణ, 'అధిపతి' అని ఇంకో అర్థం ఉన్నాయి మరి. అప్పుడు మిగిలిన మూడు అక్షరాలూ మనిషి పేరైపోతాయి. వంతెన కాస్తా నాన్‌జింగ్ మేయర్ జ్యాంగ్ దాచ్యావ్ గారవుతుంది! చైనావాళ్లు చాలాకాలంగా చెప్పుకునే జోకు ఇది.

దీన్ని సరిగ్గా చదివేవాడు ఏడు అక్షరాల అర్థాలు కూడుకుని చదవడం లేదు. 'నాన్‌జింగ్', 'ఛాంగ్‌జ్యాంగ్', 'దాచ్యావ్' అనే మాటలు వాడికి ముందే చెవిలో ఉన్నాయి. కన్ను వాటిని గుర్తుపట్టి ముక్కలు చేస్తుంది. మీ చెవిలో ఆ మాటలు లేవు. అందుకే ఏడు కార్డులు వరసగా పేర్చినట్టు కనిపిస్తాయి.

నా సంగతీ ఇంతే. నేర్చుకునే రోజుల్లో ఒక ఆఫీసు కారిడార్‌లో పసుపు బోర్డు చూశాను. నాలుగు అక్షరాలు, నాలుగూ నాకు వచ్చు: చిన్న, గుండె, నేల, జారు. 'చిన్న గుండె' అంటే జాగ్రత్త అని కూడా తెలుసు. మూడో అక్షరాన్ని 'ద' అని పలికితే మన 'గా' లాంటి ప్రత్యయం అవుతుంది, జాగ్రత్త 'గా' అన్నట్టు. నేను అలాగే చదివి 'జాగ్రత్తగా జారండి' అని అర్థం చేసుకుని, ఇదేం బోర్డురా అనుకుంటూ నడిచి దాదాపు జారాను కూడా. అక్కడ ఆ అక్షరాన్ని 'ది' అని చదవాలి. 'జాగ్రత్త, నేల జారుతుంది.' అప్పటికి నా లెక్కలో 1400 అక్షరాలు ఉన్నాయని గర్వంగా చెప్పుకునేవాణ్ని.

ఆ లెక్కతోనే అసలు చిక్కు. ఎక్కువగా వాడే 1000 అక్షరాలు వస్తే మామూలు రాతలో దాదాపు 90 శాతం వచ్చేసినట్టేనని ఎక్కడో చదివే ఉంటారు. అంకె అబద్ధం కాదు. కానీ పదింటిలో ఒకటి రాదంటే ఇరవై అక్షరాల వాక్యంలో రెండు రానట్టు. ఆ రెండూ ఎక్కడుంటాయి? 'యొక్క', 'ఉంది', 'కాదు' లాంటి వాటిలో ఉండవు. ఆ వాక్యం దేని గురించో చెప్పే మాటలోనే ఉంటాయి. మిగతా 90 శాతం వచ్చినా విషయం చేతికి చిక్కదు.

ఇంకో అంకె చూడండి. చైనా 2021లో తెచ్చిన కొత్త భాషా ప్రమాణంలో (హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ ప్రావీణ్య పరీక్షకి ఆధారం అదే) అక్షరాలు 3000, మాటలు 11,092. అంటే అక్షరాలన్నీ కంఠతా పట్టినా, మాటల సంగతి వచ్చేసరికి పని మూడు నాలుగు రెట్లు మిగిలే ఉంటుంది. కొన్ని మాటలు అక్షరాలను బట్టి ఊహించవచ్చు. కరెంటు, మెదడు కలిస్తే కంప్యూటర్. నిప్పు, బండి కలిస్తే రైలు. తెరువు, మూయి కలిస్తే స్విచ్. ఇవి చూసి చైనీస్ భలే తార్కికం అని మురిసిపోతాం. తర్వాత తూర్పు, పడమర కలిస్తే 'వస్తువు' అని, గుర్రం, పులి కలిస్తే 'అజాగ్రత్త' అని తెలుస్తుంది. గుర్రం, పైన కలిస్తే 'ఇప్పుడే, వెంటనే'. ఇటలీ పేరు 'యీదాలీ', అక్షరాల వారీగా చూస్తే అర్థం-పెద్ద-లాభం! అక్కడ అర్థాలు వెతుక్కోవడమే తప్పు, కేవలం శబ్దం కోసం పెట్టిన అక్షరాలవి. చైనీస్‌లో పెద్ద బడి అక్షరాలూ ఉండవు కాబట్టి ఇది పేరు అని హెచ్చరించేదీ ఏమీ ఉండదు.

చైనా పిల్లలు మాత్రం అక్షరాలతోనే మొదలుపెడతారు కదా అని నా క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే, ఆరేళ్ల ప్రాథమిక విద్య పూర్తయ్యేసరికి సుమారు 3000 అక్షరాలు గుర్తుపట్టాలని, 2500 రాయగలగాలని అక్కడి పాఠ్యప్రణాళిక చెబుతుంది. కానీ బడిలో చేరే నాటికే ఆ పిల్లాడికి భాష నోట్లో ఉంటుంది. 'అమ్మ' అనే అక్షరం చూపిస్తే వాడు నేర్చుకునేది బొమ్మ ఒక్కటే, మాట ముందే ఉంది. మీరు మాట, శబ్దం, స్వరం (పలికేటప్పుడు గొంతు హెచ్చుతగ్గులు), బొమ్మ నాలుగూ ఒకేసారి నేర్చుకుంటున్నారు. మధ్యలో శబ్దాన్ని వదిలేసి బొమ్మకి నేరుగా తెలుగు అర్థం అంటించేశారు. మీరు రాసిన దాన్ని బట్టి కార్డు వెనక అర్థం ఒక్కటే ఉంది, ఉచ్చారణ 'చూసుకోవచ్చులే' అని వదిలేశారు. నా అనుభవంలో ముందు సరిచేయాల్సింది అదే.

శబ్దం లేకుండా అక్షరం నిలవదు. దీనికి కారణం లిపి నిర్మాణంలోనే ఉంది. చైనీస్ అక్షరాలన్నీ బొమ్మలని మొదటి రోజు సూర్యుడు, కొండ, గుర్రం గీసి చూపిస్తారు. కోర్సులు అమ్ముడుపోవడానికి అవి బాగానే పనికొస్తాయి. కానీ అలాంటివి చాలా తక్కువ. నూటికి 80కి పైగా అక్షరాలు రెండు భాగాల కూడిక: ఒకటి అర్థం ఏ వైపుదో చెబుతుంది, ఇంకోటి శబ్దం ఎలా ఉంటుందో చెబుతుంది.

'చింగ్' అనే అక్షరం తీసుకోండి, నీలం-ఆకుపచ్చ రంగు. దాని ఎడమ పక్క మూడు నీటి చుక్కలు పెడితే 'తేటగా ఉన్న', అదీ చింగే. సూర్యుణ్ని పెడితే 'ఎండ కాసిన', చింగ్. గుండె గుర్తు పెడితే 'మనసులోని భావం', చింగ్. మాట గుర్తు పెడితే 'దయచేసి', చింగ్. స్వరాలు మారతాయి, అసలు శబ్దం ఒకటే. కన్ను గుర్తు పెడితే మాత్రం 'జింగ్' అవుతుంది, కంటికి సంబంధించిన మాటలో వస్తుంది. ఉచ్చారణ నేర్చుకున్నవాడికి ఇది ఒక్క కుటుంబం, ఆరు అక్షరాలు ఒకేసారి చేతికొస్తాయి. నేర్చుకోనివాడికి ఆరూ వేర్వేరు బొమ్మలు, పైగా ఒకదానితో ఒకటి కలిసిపోయే బొమ్మలు.

ధ్వని భాగాన్ని గుడ్డిగా నమ్మకండి, రెండు వేల ఏళ్లకు పైగా ఉచ్చారణలు జారిపోయాయి. ఇందాకటి 'నది' అక్షరంలో ధ్వని భాగం 'గోంగ్', ఇప్పుడు పలికేదేమో 'జ్యాంగ్'. దాన్ని ఒక ఆధారంగా తీసుకోండి, హామీగా కాదు. అలాగే ప్రతి అక్షరానికీ కథ అల్లి గుర్తుపెట్టుకునే పద్ధతి ఉంది. ఎంతకీ లొంగని అక్షరాలకి నేనూ వాడతాను. కానీ ఆ కథే చరిత్ర అనుకోకండి. క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ అనే పండితుడు 9353 అక్షరాలను 540 రాడికల్స్ (అక్షరాలను వర్గాలుగా విడదీసే మూల భాగాలు) కింద సర్ది నిఘంటువు చేశాడు. అంత పండితుడి వివరణల్లోనూ కొన్ని తప్పని తర్వాత దొరికిన పాత శాసనాలు చూపించాయి. ఇంక ఫోన్ యాప్‌లో వచ్చే కథల సంగతి చెప్పేదేముంది.

పిన్‌యిన్ సంగతి. 1958లో చైనా దాన్ని అధికారికంగా ఆమోదించింది, రూపొందించిన బృందంలో ముఖ్యుడు జౌ యౌగువాంగ్. అది లేకుండా నిఘంటువు చూడటం కష్టం, ఫోన్‌లో టైప్ చేయడం కష్టం, ఎలా పలకాలో తెలియదు. కాబట్టి వదిలే ప్రశ్నే లేదు. కానీ అక్షరాల పైన పిన్‌యిన్ అచ్చేసిన పుస్తకాలు పక్కన పెట్టండి. కన్ను బద్ధకస్తురాలు. తేలిక లిపి పక్కనే ఉంటే కష్టమైన దాన్ని చూడదు. ఒక విద్యార్థి ఏడాదిపాటు అలాంటి పుస్తకం చదివి చాలా వేగం వచ్చిందని సంబరపడ్డాడు. పిన్‌యిన్ వరస మీద స్కేలు పెట్టి కప్పి చదవమన్నాను. రెండో లైన్ దాటలేదు. ఆ ఏడాదంతా ఆయన చదివింది ఇంగ్లీషు అక్షరాలు.

ఒక్క విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకోకండి. ఇక్కడ మీకు చెప్పడానికి నేను రాస్తున్నాను కానీ, నోట్‌బుక్‌లో వద్దు. పిన్‌యిన్‌లో జె అని, జెడ్‌హెచ్ అని విడిగా రాసే రెండు ధ్వనులూ మనకి ఒకే 'జ' అయిపోతాయి. క్యూ, సీహెచ్ రెండూ 'చ'. ఎక్స్, ఎస్‌హెచ్ రెండూ 'ష'. ఆరు ధ్వనులు మూడుకి కుదించుకున్నాక, పైగా స్వరం గుర్తూ పోయాక, వేర్వేరు మాటలన్నీ ఒకేలా వినిపిస్తాయి. తర్వాత దాన్ని సరిచేయడానికి మొదట నేర్చుకున్నంత కాలం పడుతుంది, నాకు పట్టింది.

ఇక రోజూ ఏం చేయాలి. నేను చేయించేది ఇది. 150 నుంచి 200 అక్షరాల చిన్న భాగం తీసుకోండి, ఆడియో ఉండాలి. మొదట ఆడియో వింటూ వేలు అక్షరాల మీద నడపండి, ఎక్కడా ఆగొద్దు. రెండోసారి ఆడియో లేకుండా చదువుతూ రాని మాటలు వెతకండి. మాట అంటున్నాను, అక్షరం కాదు. ప్లెకో లాంటి నిఘంటువులో వెతికితే రెండక్షరాల మాట మొత్తంగా కనిపిస్తుంది, దాన్నే తీసుకోండి. మూడోసారి పెన్సిల్‌తో మాటల మధ్య సన్నగా గీతలు గీస్తూ పైకి చదవండి. ఈ గీతల పని చాలామందికి పిల్ల చేష్టలా అనిపిస్తుంది, కానీ మీ అసలు తప్పులు బయటపడేది అక్కడే. మర్నాడు అదే భాగం గీతలు లేని కాపీలో ఒకసారి చదివి, ఆ తర్వాతే కొత్తది. మొత్తం అరగంట. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కన్నా రోజూ ఈ అరగంట మేలు.

భాగం ఎంచుకునేటప్పుడు ఒక కొలత: నూరు అక్షరాల్లో రానివి అయిదు దాటితే అది ఇప్పటికి మీది కాదు, పక్కన పెట్టండి. ఇక్కడే పెద్దవాళ్లకి అహం అడ్డొస్తుంది. ఆఫీసులో వందమందిని నడిపించే మనిషికి కుక్కపిల్ల తప్పిపోయిన కథ చదవాలంటే నామోషీ. నేరుగా వార్తాపత్రిక తెరుస్తారు. ఒక్క పేరాకి ముప్పావుగంట నిఘంటువు తిరగేసి, తలనొప్పితో మూసేస్తారు. దాన్ని చదవడం అనరు, పొడుపుకథ విప్పడం అంటారు.

కార్డులు పూర్తిగా మానమనను. నేనూ ఆంకీ అనే కార్డుల యాప్ వాడతాను. కాకపోతే కార్డు ముందు వైపు ఒంటరి అక్షరం బదులు మీరు చదివిన భాగంలోని వాక్యం పెట్టండి, వెనక వైపు ఉచ్చారణ, ఆడియో, అర్థం. వాక్యం పైకి చదివాకే కార్డు తిప్పాలి. రోజుకి కొత్తవి పది చాలు. ముప్పై పెట్టుకున్నవాళ్లు రెండు నెలల్లో రివిజన్ కుప్ప చూసి టెన్షన్ పడి యాప్ తీసేసిన సందర్భాలు నాకు లెక్కలేనన్ని తెలుసు.

చేత్తో రాయడం గురించి గురువుల్లోనే ఏకాభిప్రాయం లేదు, నా అభిప్రాయం చెబుతాను. మొదటి రెండు మూడు వందల అక్షరాలు చేత్తో రాయండి. పై నుంచి కిందకి, ఎడమ నుంచి కుడికి, పెట్టె గీస్తే అడుగు గీత చివర్న, ఈ వరస చేతికి వచ్చేదాకా. ఒక్కోటి ఏడెనిమిది సార్లు, అదీ చూసి కాదు, మూసి గుర్తు తెచ్చుకుని. వందసార్లు రాస్తే పదోసారి నుంచి చెయ్యి రాస్తుంటుంది, బుర్ర ఎటో పోతుంది. ఆ తర్వాత రాత అవసరం పడేది ఒకేలా కనిపించే వాటికే. 'ఇంకా కాలేదు' అనే వెయ్, 'చివర' అనే మో, ఈ రెండింటికీ తేడా పై రెండు అడ్డగీతల్లో ఏది పొడవు అన్నదొక్కటే. కింది గీత పొడవైతే వెయ్, పై గీత పొడవైతే మో. 'కొను', 'అమ్ము' అనే అక్షరాలకీ తేడా నెత్తి మీద చిన్న గుర్తు. కంటితో ఎంతసేపు చూసినా ఇవి కలిసిపోతాయి, నాలుగుసార్లు పక్కపక్కన రాస్తే విడిపోతాయి. మిగతావి టైప్ చేయగలిగితే చాలు. కలం పట్టగానే అక్షరం మర్చిపోవడం అనే అర్థంలో చైనావాళ్లకే ఒక నాలుగక్షరాల నుడికారం ఉంది, ఫోన్లు వచ్చాక వాళ్లూ రాయడం మర్చిపోతున్నారు. మీ పరీక్షలో చేత్తో రాసే భాగం ఉంటే మాత్రం ఈ సలహా మీకు వర్తించదు.

వయసు గురించి. పిల్లల కన్నా మీకు ఒక విషయంలో లాభం ఉంది: మీకు ఇప్పటికే ఏదో ఒక రంగం బాగా తెలుసు. నా దగ్గరికి 47 ఏళ్ల మెయింటెనెన్స్ ఇంజినీరు ఒకాయన వచ్చారు. కథలు చదవనన్నారు. సరే అని పంపుల మాన్యువల్ తెచ్చుకోమన్నాను. మాన్యువల్ భాష ఇరుకు: ఒత్తిడి, వాల్వ్, స్విచ్, ప్రమాదం, 'దయచేసి చేయవద్దు', ఈ మాటలే పేజీ పేజీకీ తిరిగొస్తాయి. విషయం ఆయనకి ముందే తెలుసు, తర్వాతి వాక్యం ఏం చెప్పబోతోందో ఊహించగలరు. ఏడు నెలలకి అలాంటి మాన్యువల్ తీరిగ్గా చదివేస్తున్నారు. అప్పటికి ఆయనకి వచ్చిన అక్షరాలు 600 ఉంటాయేమో, మీ కన్నా తక్కువే. కాకపోతే ఆయనకి పుట్టినరోజు శుభాకాంక్షల కార్డు ఇస్తే చదవలేరు, ఆ మాట కూడా చెప్పాలి.

దీనికి తారుమారుగా ఇంకొకావిడ, ఏళ్ల తరబడి చైనీస్ సీరియల్స్ చూసి చెవితో భాష పట్టేశారు, అక్షరం ముక్క రాదు. ఆవిడకి చదవడం నేర్పడం నా ఉద్యోగంలో అన్నింటికన్నా తేలికైన పని. ఒక్కో మాట చూపించి పలికితే 'ఓహో, ఇదేనా అది' అనేవారు. చెవిలో ఉన్న మాట కంటికి ఎంత త్వరగా అంటుతుందో ఆవిడని చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది. మీరూ రోజుకి పావుగంట వినడానికి కేటాయించండి, చదివిన భాగాల ఆడియోనే, దారిలో, వంటింట్లో, ఎక్కడైనా.

ఎంత కాలం పడుతుందని చివర్న అడిగారు. అమెరికా విదేశాంగ శాఖ తన ఇంగ్లీషు మాతృభాష ఉద్యోగులకి చైనీస్ మాట్లాడటం, చదవడం వృత్తికి సరిపడా రావాలంటే 88 వారాలు, 2200 క్లాసు గంటలు లెక్కేస్తుంది, అదీ రోజంతా అదే పనిగా. రోజుకి గంట చొప్పున వేసుకుంటే ఆరేళ్లు. భయపెట్టడానికి కాదు, తొమ్మిది నెలలకే 'నాకు రాదు' అనుకోవద్దని చెబుతున్నాను. సులభంగా రాసిన కథల పుస్తకం ఒకటి చివరిదాకా చదవడానికి ఆరేళ్లు అక్కర్లేదు, మీ 800 పునాదితో మూడు నాలుగు నెలలు చాలు. నా విద్యార్థుల్లో ఎక్కువమందికి అంతే పట్టింది.

సరళ లిపా (గీతలు తగ్గించిన రూపం), సంప్రదాయ లిపా (పాత పూర్తి రూపం) అని కింద ఇంకో చిన్న ప్రశ్న పెట్టారు. చైనా, సింగపూర్‌తో పనైతే సరళం. తైవాన్, హాంకాంగ్ అయితే సంప్రదాయం. మీరు ఇప్పటికే సరళంలో ఉన్నారు కాబట్టి అందులోనే ఉండండి. ఒకదాంట్లో పుస్తకాలు చదివే స్థాయికి వచ్చినవాళ్లకి రెండోది కొన్ని వారాల పని, ఇప్పుడు రెండూ కలిపితే మాత్రం ఆ 800 కార్డులు 1200 అవుతాయి.

ఒకవేళ ఆ నాలుగు లైన్ల పేరా ఇంకా దగ్గరుంటే, మాటల మధ్య మీకు తోచిన చోట గీతలు గీసి ఫొటో పెట్టండి. గీతలు ఎక్కడ తప్పాయో చూస్తే ముందు ఏ మాటలు పట్టుకోవాలో చెప్పగలను.